పికప్‌లో వెనక డాష్‌క్యామ్ వైరు ఎటు నుంచి లాగాలి? వి-క్రాస్, హైలక్స్ డబుల్ క్యాబ్ ఓనర్లు చెప్పగలరు

కోవూరు_వీక్రాస్ | నెల్లూరు జిల్లా

అందరికీ నమస్కారం. బండి ఇసుజు వి-క్రాస్, ఆరు ఎయిర్‌బ్యాగులున్న వేరియంట్. మన శ్రీసిటీలో తయారైన బండే. ముందు కెమెరా లోపలి అద్దం వెనక అతికించి, ప్రస్తుతానికి సిగరెట్ సాకెట్ నుంచి నడుపుతున్నాను. వెనక కెమెరా ఇంకా డబ్బాలోనే ఉంది. నెల్లూరు నుంచి చెన్నై వైపు హైవే మీద లారీలు ఎంత దగ్గరగా వెనక పడతాయో ఆ దారిలో తిరిగేవాళ్లకు తెలుసు. నాకు ముందు కెమెరా కన్నా వెనకదే ఎక్కువ అవసరం.

ఊళ్లో ఒక యాక్సెసరీస్ షాపుకు తీసుకెళ్తే, కుర్రాడు ముందు పిల్లర్ ప్లాస్టిక్ కాస్త లాగి వైరును లోపలికి తోసేయడం మొదలుపెట్టాడు. లోపల కర్టెన్ ఎయిర్‌బ్యాగు ఉంది కదా తమ్ముడూ అంటే, "ఏం కాదు సార్, అన్ని బండ్లకూ ఇలాగే వేస్తాం" అన్నాడు. అక్కడితో ఆపించి వచ్చేశాను. దీని మీద సరైన సమాచారం కావాలి.

కెమెరాతో వచ్చిన వెనక కేబుల్ 6 మీటర్లు. వైరు ఎటు నుంచి తేవాలి? కెమెరా లోపల వెనక అద్దానికి పెట్టాలా, బయట టెయిల్‌గేట్ మీదా? బండి ఆపి ఉన్నప్పుడు కూడా రికార్డు చేసే పార్కింగ్ మోడ్ కూడా కావాలి, పొలం దగ్గర బండి వదిలేసి వెళ్తుంటాను.

హైలక్స్_ఖమ్మం

ఆపించి మంచి పని చేశారు. హైలక్స్‌లోనూ ఇదే పరిస్థితి, కర్టెన్ ఎయిర్‌బ్యాగు ముందు పిల్లర్ నుంచి తలుపుల పైన అంచు వెంట వెనక పిల్లర్ దాకా మడతపెట్టి ఉంటుంది. గుద్దుకున్నప్పుడు అది కిందికి విప్పుకుంటుంది. వైరు దాని ముందు అడ్డంగా ఉంటే ఒకటి, బ్యాగు సరిగ్గా తెరుచుకోదు. రెండు, ఆ వైరును ముఖం మీదికి విసురుతుంది.

నేను వేసుకున్న పద్ధతి చెప్తాను. ముందుగా బ్యాటరీ నెగెటివ్ తీసి కాసేపు ఆగాలి. పిల్లర్ మీద పట్టుకుని ఎక్కే హ్యాండిల్ ఉంటుంది చూడండి, దాని రెండు చివర్ల మూతలు తీస్తే బోల్టులు కనిపిస్తాయి. అవి విప్పాక ప్లాస్టిక్ ట్రిమ్ మెల్లగా మీ వైపుకు లాగాలి. క్లిప్పుకు చిన్న తాడు లాంటిది కట్టి ఉంటుంది, బలంగా లాగితే తెగిపోతుంది. లోపల చూస్తే కంపెనీ వైర్ల కట్ట ఎయిర్‌బ్యాగుకు వెనక, రేకుకు ఆనుకుని వెళ్తుంటుంది. మన వైరు కూడా ఆ కట్ట వెంటే, బ్యాగుకు వెనక వెళ్లాలి. గుడ్డ టేపుతో ఆ కట్టకే చుట్టాలి. ఎయిర్‌బ్యాగు గొట్టానికి గానీ దాని గుడ్డకు గానీ కేబుల్ టై ఎట్టి పరిస్థితుల్లో వేయకూడదు.

అక్కడి నుంచి పైన అంచు వెంట వెనక్కి. తలుపు బీడింగ్ రబ్బరు కొంచెం కిందికి జార్చి, రూఫ్ లైనింగ్ అంచు వేలితో ఎత్తితే దారి దొరుకుతుంది. నిదానంగా చేస్తే ఒక మధ్యాహ్నం పని.

తీగల_మేస్త్రి | విజయవాడ

ఖమ్మం తమ్ముడు చెప్పింది తప్పు కాదు, కానీ కర్టెన్ బ్యాగున్న బండికి పక్క దారి నేను ఎవరికీ చెప్పను. పిల్లర్ దగ్గర ట్రిమ్ తీశారు కాబట్టి బ్యాగుకు వెనక పెట్టామని కంటికి కనిపిస్తుంది. తలుపుల పైన మాత్రం లైనింగ్ అంచు ఎత్తి గుడ్డిగా తోస్తున్నాం. అక్కడ వైరు బ్యాగుకు వెనక ఉందో ముందుకు జారిందో ఎవరు చూశారు? లైనింగ్ మొత్తం దింపితే తప్ప తెలియదు.

డబుల్ క్యాబ్ పికప్‌కు ఒక సౌకర్యం ఉంది. సన్‌రూఫ్ లేదు, డిక్కీ డోరు లేదు, వెనక అద్దం క్యాబ్‌కే కదలకుండా ఉంటుంది. కాబట్టి వైరును రూఫ్ నడిమధ్య నుంచి తీసుకెళ్లండి. ముందు లోపలి అద్దం దగ్గర నుంచి వెనక అద్దం నడుమ దాకా తిన్నగా గీత గీసినట్టు. ఆ దారిలో ఎయిర్‌బ్యాగు లేదు, పిల్లర్ లేదు, తలుపు లేదు.

ఎలాగంటే, ముందు రీడింగ్ ల్యాంపు తీయండి, చిన్న ప్లాస్టిక్ పనిముట్టుతో వస్తుంది. నడుమ క్యాబిన్ ల్యాంపు కూడా తీయండి. ఇళ్ల గోడ పైపుల్లో వైరు లాగడానికి ఎలక్ట్రీషియన్లు వాడే నైలాన్ స్ప్రింగు ఉంటుంది, అది ముందు కన్నంలో పెట్టి నడుమ ల్యాంపు కన్నం దాకా తోయాలి. అక్కడ పట్టుకుని మళ్లీ వెనక అద్దం అంచు దాకా. వెనక లైనింగ్ అంచు అద్దం రబ్బరు దగ్గర వేలు పట్టేంత వదులవుతుంది. స్ప్రింగు కొనకు వైరు కట్టి వెనక నుంచి ముందుకు లాగండి. వెనక కెమెరా వైపు ప్లగ్గు, ముందు కెమెరా వైపు ప్లగ్గు ఒకేలా ఉండవు కొన్నింటికి, లాగేముందు ఏ కొన ఎటో చూసుకోండి.

రేకుకు అడ్డంగా రెండు మూడు ఇనుప కమ్మీలు ఉంటాయి. వాటి అంచులు పదును. వైరుకు ఆ మేర గుడ్డ టేపు చుట్టి పంపితే ఒరిపిడికి తెగదు, గుంతల్లో టకటక శబ్దం కూడా రాదు.

హైలక్స్_ఖమ్మం

> అక్కడ వైరు బ్యాగుకు వెనక ఉందో ముందుకు జారిందో ఎవరు చూశారు?

ఈ మాట ఒప్పుకోవాల్సిందే మేస్త్రి గారూ. అయితే లైనింగ్‌ను కమ్మీల దగ్గర గమ్ముతో అంటించిన బండ్లు కూడా ఉంటాయి కదా, అక్కడ స్ప్రింగు ఆగిపోతే ఏం చేయాలి?

తీగల_మేస్త్రి

ఆగితే బలవంతం చేయొద్దు, లైనింగ్ కింద నుంచి ఉబ్బుతుంది. జానెడు పక్కకు జరిపి మళ్లీ తోయండి. గమ్ము అంతటా ఉండదు, మధ్య మధ్య చుక్కలుగా పెడతారు. అసలు దారే దొరక్కపోతే కింది నుంచి, అంటే గడప ప్లాస్టిక్ పట్టీల కింద నుంచి తేవాలి. డ్యాష్‌బోర్డు పక్క నుంచి కిందికి దించి, తలుపు గడప పట్టీ కింద కంపెనీ హార్నెస్ (వైర్ల కట్ట) వెంట వెనక సీటు దాకా, అక్కడి నుంచి వెనక గోడ మీదుగా అద్దానికి. ఈ దారికి వైరు బాగా ఎక్కువ పడుతుంది. పైన నడుమ నుంచి 2 మీటర్ల పైచిలుకుతో అయిపోయేది, కింది నుంచి 5 మీటర్లు దాటుతుంది. 6 మీటర్ల కేబుల్ సరిపోవచ్చు, కానీ ముందే బండిలో నేల మీద పరిచి కొలిచి చూసుకోండి. చివర్లో జానెడు తక్కువైతే మొత్తం మళ్లీ పీకాలి.

ఇర్వింగ్_తెలుగోడు | టెక్సస్

ఇక్కడి ట్రక్కుల సంగతి చెప్తాను, వేరే బండ్లవాళ్లకు పనికొస్తుంది. నాది టయోటా టకోమా. ఇక్కడ చాలా ట్రక్కులకు వెనక అద్దం నడుమ ముక్క పక్కకు జరుగుతుంది. ఆ జరిగే ముక్క మీద కెమెరా పెడితే అద్దం తెరిచినప్పుడల్లా వైరు నలుగుతుంది. కదలని పక్క ముక్క మీదే పెట్టాలి, కోణం కొంచెం నడుమకు తిప్పుకుంటే చాలు.

ఇంకో విషయం, బయట తొట్టి వైపు కెమెరా పెట్టేవాళ్లు ఇక్కడ క్యాబ్ పైన ఉండే మూడో బ్రేక్ లైటు విప్పి ఆ కన్నం నుంచి వైరు లోపలికి తెస్తారు. చూడ్డానికి సులువు. కానీ ఆ లైటు చుట్టూ ఉండే రబ్బరు గాస్కెట్ దగ్గర నీళ్లు కారడం టకోమాల్లో అందరికీ తెలిసిన సమస్య. దాని కింద నుంచి ఒక వైరు వస్తే గాస్కెట్ అసలు కూర్చోదు. వర్షానికి నీళ్లు లైనింగ్‌లోకి దిగి, వెనక సీటు వెనకగా కిందికి పోతాయి, చాలా రోజులు కనిపించవు కూడా. ఆ దారి వాడితే గాస్కెట్ కొత్తది వేయాలి, వైరు చుట్టూ సీలెంట్ పెట్టాలి.

మేస్త్రి గారి నడుమ దారి నాకు నచ్చింది. సన్‌రూఫ్ ఉన్న ట్రక్కులకు మాత్రం అది కుదరదు, వాళ్లు గడప దారే పట్టాలి.

మామిడితోట_నూజివీడు

అందరూ లోపల అద్దానికే అంటున్నారు. సీజన్‌లో మా బండిలో మామిడి క్రేట్లు అద్దం పైదాకా వస్తాయి. లోపల కెమెరా పెడితే మూడు నెలలు క్రేట్లే రికార్డవుతాయి. మాలాంటి వాళ్లకు టెయిల్‌గేటే గతి.

పైగా ఖాళీ బండిలో కూడా ఒక లోటు ఉంది. అద్దం నుంచి టెయిల్‌గేట్ దాకా తొట్టి సుమారు 1.5 మీటర్లు. వెనక మరీ దగ్గరగా వచ్చిన బైకు నంబరు ప్లేటు టెయిల్‌గేట్ చాటున పడిపోతుంది. సిగ్నల్ దగ్గర మెల్లగా తగిలించి పోయేవాడిని అది పట్టదు.

బయట ఎలా వేయాలో కూడా ఎవరైనా చెప్పండి.

తీగల_మేస్త్రి

మామిడి తోట గారు అడిగింది న్యాయమే. బరువు ఎత్తుగా వేసే బండికి బయట కెమెరానే సరైనది. ముందుగా ఒకటి చూసుకోండి. డాష్‌క్యామ్ కిట్లలో వచ్చే వెనక కెమెరాలు చాలావరకు లోపల పెట్టడానికి చేసినవి, నీళ్లు తగిలితే పోతాయి. బయటికైతే కనీసం ఐపీ67 అని రాసి ఉన్న కెమెరా, అదీ మీ ముందు కెమెరాకు ఆ కంపెనీయే ఇచ్చినది తీసుకోవాలి. ఏ కెమెరా పడితే అది ఏ డాష్‌క్యామ్‌కీ పనిచేయదు. ప్లగ్గు పట్టినా సిగ్నల్ కలవదు.

ఇక వైరు. కారులో లేని చిక్కు పికప్‌లో ఇక్కడే ఉంది. క్యాబ్ వేరు, తొట్టి వేరు. రెండూ ఛాసిస్ మీద విడివిడిగా కూర్చుంటాయి, క్యాబ్ కింద రబ్బరు మౌంట్లు ఉంటాయి. గతుకుల రోడ్డు మీద క్యాబ్ ఒకలా, తొట్టి ఒకలా ఊగుతాయి. ఆ రెండింటి మధ్య సందులో వైరును బిగుతుగా కడితే కొన్నాళ్లకు లోపల రాగి తెగుతుంది, పైకి తొడుగు బాగానే కనిపిస్తుంది. కెమెరా వచ్చి పోయి వచ్చి పోయి చేస్తుంటే ముందు అనుమానించాల్సింది ఆ సందునే. అక్కడ అరచెయ్యంత వదులు వదలండి.

క్యాబ్ నుంచి బయటికి కొత్త కన్నం వేయొద్దు. ఫ్లోర్‌లో కంపెనీ హార్నెస్ పోయే రబ్బరు గ్రామెట్లు ఉంటాయి. వాటిలో ఒకదానికి సన్నగా గాటు పెట్టి వైరు పంపి, రెండు వైపులా సీలెంట్ పెట్టండి. బయట వైరు గ్రామెట్ దగ్గరికి కింది నుంచి పైకి ఎక్కేలా, అంటే గ్రామెట్‌కు ముందు ఒక వంపు కిందికి దిగేలా కట్టాలి. వైరు వెంట వచ్చిన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, లోపలికి రావు.

తర్వాత ఛాసిస్ పట్టీ లోపలి వైపున, టెయిల్ లైట్లకు పోయే కంపెనీ హార్నెస్ వెంట, గీతలు గీతలుగా ఉండే నల్ల ప్లాస్టిక్ పైపు తొడిగి. సైలెన్సర్ ఏ వైపు ఉందో చూసి రెండో వైపు తీసుకోండి. ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు, కమాన్ కట్టలకు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్‌కు దూరం. బ్రేకు ఆయిల్ గొట్టానికి మాత్రం ఏ వైరూ కట్టకూడదు.

టెయిల్‌గేట్ కీలు దగ్గర మళ్లీ వదులు కావాలి. గేటు పూర్తిగా దించి చూసి అప్పుడు టై బిగించండి. టెయిల్‌గేట్ తరచూ పూర్తిగా ఊడదీసేవాళ్లు అక్కడ వాటర్‌ప్రూఫ్ కనెక్టర్ ఉన్న వైరు తీసుకోవాలి. అంత బాధ ఎందుకనుకుంటే కెమెరా టెయిల్‌గేట్‌కు కాకుండా వెనక బంపరు మీద నంబరు ప్లేటు పక్కన పెట్టుకోండి. బురద ఎక్కువ పడుతుంది, రోజూ తుడవాలి, కానీ కదిలే భాగం ఒకటి తగ్గుతుంది.

కోవూరు_వీక్రాస్

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. నాకు పైదాకా లోడు ఉండదు కాబట్టి లోపల అద్దానికే, నడుమ దారిలోనే వేస్తాను. ఇప్పుడు కరెంటు సంగతి చెప్పండి. ఫ్యూజుల నుంచి కెమెరాకు కరెంటు ఇచ్చే హార్డ్‌వైర్ కిట్‌లో పసుపు, ఎరుపు, నలుపు మూడు వైర్లున్నాయి. పార్కింగ్ మోడ్ పెడితే డీజిల్ బండి పొద్దున స్టార్ట్ కాదేమోనని టెన్షన్.

హైలక్స్_ఖమ్మం

చాలా కిట్లలో పసుపు ఎప్పుడూ కరెంటుండే ఫ్యూజుకు, ఎరుపు కీ తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజుకు, నలుపు ఎర్త్‌కు. మీ కిట్ కాగితం ఒకసారి చూసుకోండి. ఎర్త్ కోసం పెయింట్ లేని బోల్టు కావాలి, ప్లాస్టిక్‌ను పట్టుకున్న స్క్రూ కాదు. కంపెనీ వైరు గీకి కలపొద్దు, ఫ్యూజ్ ట్యాప్ (ఫ్యూజు కన్నంలో గుచ్చి అదనంగా ఒక వైరు తీసుకునే ముక్క) వాడండి. వారంటీ విషయంలో సర్వీస్ సెంటర్‌తో వాదన రాకుండా ఉంటుంది, రేపు తీసేసినా గుర్తు మిగలదు.

ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్, ఇంజిన్ ఈసీయూ ఫ్యూజులు ముట్టుకోవద్దు. ఎరుపుకు సాకెట్ ఫ్యూజు బాగుంటుంది. ట్యాప్ పెట్టడంలోనూ వరస ఉంది. పాత ఫ్యూజు తీసి మల్టీమీటర్‌తో చూస్తే రెండు కన్నాల్లో ఒకదానిలోనే 12 వోల్టులు వస్తాయి. ట్యాప్ నుంచి వైరు బయటికి వచ్చే వైపు కాలు రెండో కన్నంలో, కరెంటు లేని దానిలో పడాలి. తిరగేసి పెట్టినా కెమెరా వెలుగుతుంది, కానీ కెమెరా లాగే కరెంటు కూడా పాత ఫ్యూజు మీదే పడుతుంది. కెమెరాకు 2 లేదా 3 ఆంపియర్ల ఫ్యూజు చాలు.

బ్యాటరీ లెక్క ఇలా చూడండి. రెండు కెమెరాలు కలిపి 5 వోల్టుల దగ్గర 1.5 ఆంపియర్ అనుకుంటే 7.5 వాట్లు. కిట్‌లో పోయే నష్టం కలుపుకుంటే బ్యాటరీ నుంచి సుమారు 0.7 ఆంపియర్. రాత్రి 10 గంటలకు 7 ఆంపియర్-అవర్లు. 70 ఆంపియర్-అవర్ బ్యాటరీలో అది పదో వంతు. ఒక రాత్రికి భయం లేదు, బండి కదలకుండా రెండు రోజులు ఉంచితే మాత్రం సగం బ్యాటరీ అయిపోతుంది, అప్పుడు సమస్య. అందుకే కిట్‌లో కటాఫ్ ఉంటుంది, వోల్టేజి పెట్టుకున్న అంకెకు తగ్గితే కెమెరాను ఆపేస్తుంది. ఇంజిన్ ఆపి కాసేపు వదిలేసిన బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 వోల్టులు చూపిస్తుంది, 12.2కి వచ్చేసరికి సగం అయిపోయినట్టే, 12.0 దగ్గర పావు వంతే మిగులుతుంది. డీజిల్ బండికి 12.2 పెట్టుకోండి, 11.6 లాంటి సెట్టింగు వద్దు.

రాత్రి_ప్రయాణం | సూర్యాపేట

వెనక అద్దం మీద కెమెరా ఎక్కడ అతికించాలో ఎవరూ చెప్పలేదు. అద్దం మీద సన్నని హీటర్ గీతలుంటే, వాటి మీద టేపు వేయకండి. తర్వాత కెమెరా పీకినప్పుడు గీత కూడా ఊడి వస్తుంది. పై గీతకు పైన, లేదా రెండు గీతల మధ్య పెట్టుకోవాలి. అద్దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక అతికించాలి. మన ఎండలకు చవక టేపు మే నెలలోనే జారుతుంది. కెమెరా కూడా లిథియం బ్యాటరీ ఉన్నది కాకుండా సూపర్ కెపాసిటర్ ఉన్నది అయితే వేడికి ఉబ్బదు.

వెనక అద్దానికి నల్ల ఫిల్మ్ వేసి, రాత్రి ఏమీ కనిపించట్లేదని కెమెరాను తిట్టేవాళ్లున్నారు. 2012లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పటి నుంచి నల్ల ఫిల్మ్ మీద జరిమానాలు వేస్తూనే ఉన్నారు, నిబంధన ప్రకారం వెనక అద్దం నుంచి 70 శాతం వెలుతురు రావాలి. అద్దం తేటగా ఉంటేనే హైదరాబాద్–విజయవాడ హైవే మీద వెనక నుంచి హైబీమ్ కొట్టే బండి నంబరు ఏదో ఒక ఫ్రేములో దొరుకుతుంది.

వేదిక_నిర్వాహకుడు

వీడియో పోలీసులకో ఇన్సూరెన్స్‌కో ఇవ్వాల్సి వస్తే ఏం చేయాలని ఇదివరకు చాలామంది అడిగారు, ఇక్కడే చెప్తున్నాను. ప్రమాదం జరిగిన వెంటనే మెమరీ కార్డు తీసి పక్కన పెట్టండి. కెమెరా నడుస్తూ ఉంటే పాత వీడియో మీద కొత్తది రాసేస్తుంది. వాట్సాప్‌లో పంపిన కాపీలో నాణ్యత తగ్గుతుంది, ఫైలు అసలుది కాకుండా పోతుంది. కోర్టు దాకా వెళ్తే 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ అడుగుతారు. పాత చట్టంలో 65బి అనేవారు, అదే. అసలు కార్డు దగ్గరుంటే ఆ పని సాఫీగా సాగుతుంది.

కోవూరు_వీక్రాస్

పని పూర్తయింది. నడుమ దారి కుదిరింది. ముందు ల్యాంపు నుంచి క్యాబిన్ ల్యాంపు దాకా స్ప్రింగు సాఫీగా పోయింది. వెనక భాగంలో ఒక కమ్మీ దగ్గర ఆగింది, మేస్త్రి గారు చెప్పినట్టు కొంచెం డ్రైవర్ వైపుకు జరిపితే దాటింది. మిగిలిన కేబుల్‌ను గుండ్రంగా చుట్టకుండా పొడుగ్గా మడిచి, స్పాంజి టేపు చుట్టి వెనక సీటు వెనక దాచాను. ముందు కెమెరా కరెంటు వైరుకు మాత్రం ఎడమ పిల్లర్ ట్రిమ్ తీయక తప్పలేదు. హార్నెస్ వెంట, బ్యాగుకు వెనక ఉందని టార్చి వేసి చూసుకుని మూశాను. బ్యాటరీ మళ్లీ కలిపాక ఎయిర్‌బ్యాగు లైటు మామూలుగానే వెలిగి ఆరిపోయింది. కటాఫ్ 12.2.

ఒక సందేహం మిగిలింది. ఎఫ్‌ఎం పెడితే సన్నగా గరగర వస్తోంది. కెమెరా ఆపితే పోతోంది.

తీగల_మేస్త్రి

అది హార్డ్‌వైర్ కిట్‌లో 12ను 5 వోల్టులు చేసే డబ్బా నుంచి వస్తుంది. ఆ డబ్బాను స్టీరియో వెనక నుంచి, యాంటెనా వైరు దగ్గర నుంచి దూరంగా జరపండి. డబ్బాకు రెండు వైపులా వైరు మీద ఫెరైట్ ముక్క (ఇలాంటి గరగరను అడ్డుకునే చిన్న బిళ్ల) బిగిస్తే ఇంకా తగ్గుతుంది. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో తక్కువ ధరకే దొరుకుతాయి. ఎర్త్ బోల్టు వదులుగా లేదని కూడా ఒకసారి చూడండి.

మామిడితోట_నూజివీడు

ఇంకొకటి అడగాలి. నేను చూస్తున్నది అద్దం మీద తొడిగే పెద్ద స్క్రీన్ డాష్‌క్యామ్. దాని వెనక కెమెరా వైరు నుంచి సన్నని ఎర్ర వైరు ఒకటి వస్తోంది, రివర్స్ లైటుకు కలపమంటున్నారు. దాని కోసం మళ్లీ తొట్టి కింద దాకా పోవాలా? బండికి కంపెనీ రివర్స్ కెమెరా ఉంది కదా, దాన్నే డాష్‌క్యామ్‌కు కలిపేస్తే?

తీగల_మేస్త్రి

మీ కెమెరా ఎలాగూ వెనకే ఉంటుంది కాబట్టి అక్కడే టెయిల్ ల్యాంపు వెనక రివర్స్ బల్బు ప్లస్‌కు కలపొచ్చు. లోపల అద్దానికి కెమెరా పెట్టుకునేవాళ్లు మాత్రం దాని కోసం బయటికి పోనక్కర్లేదు. కంపెనీ రివర్స్ కెమెరా ఉందంటే రివర్స్ గేరు సిగ్నల్ స్టీరియో వెనకకు వస్తూనే ఉంటుంది. అక్కడ తీసుకుంటే సరి. అదీ వద్దనుకుంటే ఎర్ర వైరు కొన ఇన్సులేషన్ టేపుతో మూసేయండి. రికార్డింగుకు దానితో పని లేదు, రివర్స్‌లో స్క్రీను మారడానికే అది.

కంపెనీ రివర్స్ కెమెరాకు రివర్స్ గేరులోనే కరెంటు వస్తుంది, దాని సిగ్నల్ కూడా వేరు. డాష్‌క్యామ్‌గా పనికిరాదు.

పాలకొల్లు_బొలేరో

నాది డబుల్ క్యాబ్ కాదు, సింగిల్ క్యాబ్ బొలేరో పికప్. రొయ్యల ట్రేలు, ఐసు వేస్తాం. తొట్టిలో ఎప్పుడూ ఉప్పు నీళ్లే. పైన చెప్పిన వైరింగు మాకు నిలుస్తుందా?

తీగల_మేస్త్రి

ఉప్పు నీళ్లకు మామూలు డాష్‌క్యామ్ ప్లగ్గులు నిలవవు, కొన్నాళ్లకే పచ్చగా చిలుం పడతాయి. మీరు లారీలకు, బస్సులకు వాడే రకం చూడండి. మరతో బిగించే గుండ్రటి నాలుగు పిన్నుల కనెక్టరు ఉంటుంది, ఏవియేషన్ కనెక్టర్ అంటారు. రికార్డరు క్యాబ్‌లో, కెమెరాలు బయట. కనెక్టరు జోడు తొట్టి కిందకు రాకుండా క్యాబ్ లోపలే పడేలా కేబుల్ పొడవు ఎంచుకోండి. కెమెరా కూడా బంపరు మీద వద్దు, తొట్టి నుంచి కారే ఉప్పు నీళ్లన్నీ అక్కడే పడతాయి. క్యాబ్ వెనక గార్డు కమ్మీ పైన, ట్రేల ఎత్తు దాటేలా చిన్న బ్రాకెట్ వేసి అక్కడ బిగించండి. సింగిల్ క్యాబ్‌కు అక్కడి నుంచి లోపలికి దూరం కూడా తక్కువ, తొట్టికీ క్యాబ్‌కూ మధ్య సందు ఒక్కటే దాటాలి. బ్రాకెట్ వేయించే ముందు ట్రేలు నిండా పేర్చిన బండి ఫొటో ఒకటి పక్క నుంచి, ఒకటి వెనక నుంచి తీసి ఇక్కడ పెట్టండి, ఎంత ఎత్తు కావాలో చూసి చెప్తాను.